కదిలింది నా చెయ్యే

"ఇందులో మా నాన్న ఎక్కడున్నాడో చూపించు వదినా."

ఔరీకా ఫోటోను బల్ల మీద పడేసింది. బల్లంతా పిండి చల్లి ఉంది. ఫోటో అంచుకి పిండి అంటుకుంది. ఇలింక చేతులు ముద్దలోనే ఉన్నాయి. ఆమె తల ఎత్తలేదు.

"వేలు పెట్టి చూపించు. ఇదా మొహం? ఈ తెల్ల మరకా? లేక ఈ పక్కదా?"

"మధ్యలో ఉన్నది మామయ్యే."

"అయితే కింద పేరు రాసి అతికించు. జనం గుర్తుపడతారు."

పొయ్యి మీద గోధుమలు కుతకుతమంటున్నాయి. రేపటికి మామగారు సిల్వెస్త్రు పోయి నలభై రోజులు. చర్చిలో ప్రార్థన అయ్యాక చక్కెర, అక్రోటు కలిపిన గోధుమలు అందరికీ పెట్టాలి. నలభై ఇళ్ళకి జడలా అల్లిన రొట్టెలు నలభై పంచాలి. ఒక్కో రొట్టెతో ఒక కొవ్వొత్తి, దానితో పాటు శవపేటిక చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి తీయించుకున్న ఆఖరి ఫోటో. బ్రాజి లోయలో ఫోటో లేకుండా ఏ ఇంట్లోనూ నలభయ్యో రోజు జరగలేదు.

నలభై ఫోటోలూ బల్ల చివర అట్టపెట్టెలో ఉన్నాయి. అన్నీ ఒకటే తీరు. నీళ్ళు పడ్డ సిరా రాతలాగా మనుషులంతా ఒకరిలోకి ఒకరు కారిపోయి ఉన్నారు.

కిటికీ దగ్గర సావెత అక్రోటు కాయలు కొడుతోంది. కోడలి వైపు చూడలేదు, కూతురి వైపూ చూడలేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచి ఆమె మాటలు తగ్గించేసింది. సుత్తి చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

"నేను చూడలేదు వదినా!" అంది ఔరీకా. "ఇక్కడ నాన్నని మట్టిలో పెడుతుంటే, నేనక్కడ ఇటలీలో ఎవరి అమ్మకో చెంచాతో సూపు తాగిస్తూ కూర్చున్నాను. ఆవిడ పిల్లలు సముద్రానికి షికారు పోయారు. ముసలావిణ్ని ఒక్కదాన్నీ వదిలేసి రాలేకపోయాను. ఈ ఒక్క ఫోటో కోసం ఇన్ని రోజులు ఆగాను. రెండు రోజులు మినీబస్సులో కూర్చుని వచ్చాను. ఇదా నాకు మిగిలింది?"

ఇలింక ముద్దను తిరగేసింది. మళ్ళీ పిసకసాగింది.

తలుపు తోసుకుని గవ్రిల్ లోపలికొచ్చాడు. చేతుల నిండా కట్టెలు. ఇంట్లో చావు జరిగిన మగవాడు కనక నలభై రోజులుగా గడ్డం గీయలేదు, నెత్తిన టోపీ పెట్టలేదు. జుట్టులో మంచు తుంపరలు కరుగుతున్నాయి. కట్టెలు పొయ్యి పక్కన జారవిడిచి, చెల్లెలి మొహం చూసి, బల్ల మీది ఫోటో తీసుకున్నాడు.

చాలాసేపు చూశాడు.

"ఇది నువ్వు తీసిందేనా?"

"నేనే."

"నువ్వు తీస్తే ఇలా వస్తుందా?"

ఇలింక బల్ల మీద ఇంకాస్త పిండి చల్లింది.

"ఆ లెన్సు కొన్న రోజు ఏమన్నావు? దీన్లో ఒక గాజుబిళ్ళ తేలుతూ ఉంటుంది గవ్రిల్, నా చెయ్యి ఇటు ఊగితే అది అటు ఊగుతుంది, ఫోటో మాత్రం నిలబడిపోతుంది అన్నావు. గొడ్లచావిడి కప్పు కారుతుంటే కారనీ అని ఆ లెన్సు కొన్నాం. ఏదీ, ఎక్కడ నిలబడింది? ఇదేనా నిలబడటం?"

గవ్రిల్ ఎప్పుడూ ఇంత గొంతు పెంచేవాడు కాదు. ఈమధ్యే. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ చిన్నదానికీ పెద్దదానికీ అరుస్తున్నాడు. తండ్రి పోయిన బాధ అని ఊళ్ళో వాళ్ళు సరిపెట్టుకున్నారు. ఇలింక కూడా మొదట అలాగే సరిపెట్టుకుంది.

"స్విచ్చు వెయ్యడం మర్చిపోయాను" అంది.

"ఏ స్విచ్చు?"

"వణుకు ఆపేది. ఆ పొద్దున ఎవరికో గుర్తింపు కార్డు ఫోటోలు తీశాను, స్టాండు మీద పెట్టి. స్టాండు మీద ఉన్నప్పుడు దాన్ని ఆపేయాలి. లేకపోతే సరిచేయడానికి వణుకేమీ దొరక్క, తనే వణుకు పుట్టిస్తుంది. అందుకని ఆపాను. మళ్ళీ వెయ్యకుండానే చర్చికి వెళ్ళిపోయాను."

"మర్చిపోయిందట!" ఔరీకా నవ్వింది. వినడానికి బాగాలేని నవ్వు. "గొర్రెల్ని మేపేవాడు గొర్రెల్ని కొండమీదే మర్చిపోయి వచ్చినట్టుంది."

"కదిలింది నా చెయ్యే" అంది ఇలింక. "ఇంకెవర్నీ అనక్కర్లేదు."

ఈ మాట నోటంట రావడానికి ఆమెకి ఎంత కష్టమైందో అక్కడున్న వాళ్ళెవరికీ తెలియదు. నికనోర్ ఫాదరు తన చర్చిలో ఫ్లాష్ వెలిగించనివ్వడు. నాలుగు వందల ఏళ్ళ నాటి గోడబొమ్మల రంగు చెడుతుందంటాడు. స్టాండు పెట్టనివ్వడు, నేల గీసుకుపోతుందంటాడు. ఫోను చేత్తో పట్టుకుని గడప దాటితే మధ్యలో ప్రార్థన ఆపి మరీ బయటికి పంపిస్తాడు. ఉన్నదల్లా కొవ్వొత్తుల వెలుగు. ఆ కాస్త వెలుగులో బొమ్మ పడాలంటే కెమెరా కన్ను ఒక నిట్టూర్పు సేపు తెరిచే ఉండాలి. ఆ కాసేపట్లో ఎంత గట్టి చెయ్యైనా అదురుతుంది. ఊపిరి అదురుతుంది, గుండె అదురుతుంది. పట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్లు ఇద్దరు ముగ్గురు ఆ చర్చిలోంచి తలదించుకుని వెళ్ళారు. ఇలింక ఆ లెన్సు కొన్నాకే శవపేటిక దగ్గరి ఫోటోలో చనిపోయిన వాళ్ళ కనురెప్పల వెంట్రుకలు కూడా కనిపించడం మొదలైంది. మూడు లోయల అవతలి నుంచి కూడా మనిషిని పంపి పిలిపించుకునేవాళ్ళు.

"రేపు ఊరంతా చూస్తుంది దీన్ని" అన్నాడు గవ్రిల్. "ఈస్టరు తర్వాత పెళ్ళిళ్ళకి ఎవడు పిలుస్తాడు నిన్ను? సొంత మామగారి ఫోటోనే అలికేసింది, మనవేం తీస్తుందంటారు. బాగుందా?"

"అననీ."

"అననీ అంటే అయిపోయిందా?"

ఔరీకా అట్టపెట్టె మూత వేసి అవతలికి తోసింది. "సరే, జరిగిందేదో జరిగింది. కెమెరాలో కార్డుంటుంది కదా, అదివ్వు. మేముండే ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. చెరిగిపోయిన పాత ఫోటోలు బాగుచేస్తాడు. ఆయన చేతిలో పెడతాను."

ఇలింక చేతులు ఆగిపోయాయి.

"తుడిచేశాను."

"ఏంటి?"

"కార్డు తుడిచేశాను. పాడైపోయినవే కదా అని."

సుత్తి చప్పుడు కూడా ఆగింది. కుండలో గోధుమలు ఉడుకుతున్న చప్పుడొక్కటే వినిపించింది.

"మా నాన్న ఆఖరి ఫోటోలు తుడిచేశావా?" ఔరీకా లేచి నిలబడింది. "అడగలేదు, చెప్పలేదు, తుడిచేశావా? అవునులే, నీకేం తెలుస్తుంది? పదేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. కడుపున ఒక కాయ కాసుంటే తెలిసేది, రక్తమంటే ఏంటో."

"ఔరీకా!" అని అరిచాడు గవ్రిల్.

అంతే అన్నాడు. ఇలింక ఎదురుచూసింది. ఇంకొక్క మాట అంటాడేమోనని. పిల్లలు వద్దనుకున్నది నేను, తను కాదు అని. పదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూనే ఉంది. పెళ్ళిళ్ళలో, బాప్తిస్మాల్లో, ఎవరైనా ఆమె నడుము వంక చూసి కొవ్వొత్తి ముట్టించమనీ మొక్కుకోమనీ సలహా చెప్పినప్పుడల్లా.

గవ్రిల్ ఫోటో బల్ల మీద బోర్లించాడు. కట్టెలు ఇంకా కావాలంటూ బయటికి వెళ్ళిపోయాడు. కట్టెలు పొయ్యి పక్కన మోకాలెత్తు ఉన్నాయి.

ఇలింక చేతులు కడుక్కుంది. ముద్ద మీద తడిగుడ్డ కప్పి, వెనక గదిలోకి వెళ్ళింది.

*

ఆ గది ఒకప్పుడు పాలు కాచే గది. ఇప్పుడు అందులో కంప్యూటరు, ప్రింటరు, అరలో కెమెరా. కార్డు కెమెరాలోనే ఉంది. తుడిచేయలేదు. తుడవడానికి మూడుసార్లు వేలు పెట్టి మూడుసార్లూ తీసేసింది.

సమాధి చేసిన నాలుగో రోజున ఆ ఫోటోలు మొదటిసారి తెరిచింది. ఏడు. అందర్నీ ఊపిరి బిగబట్టి నిలబడమని చెప్పి, మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, ఒకదాని వెనక ఒకటి ఏడు తీసింది. స్విచ్చు వేసే ఉంది. ఆమె ఆ స్విచ్చు ఎన్నడూ మర్చిపోలేదు.

ఏడూ బాగా వచ్చాయి. మామగారి మొహం ఎంతో స్పష్టంగా ఉంది. పన్నెండేళ్ళుగా ఒక్క క్షణం కుదురుగా ఉండని ఆ మొహం, పిలవకుండానే ఎగిరే ఆ కనుబొమలు, ఏవీ కదలకుండా ఉన్నాయి. వెనక గోడ మీద దేవదూత రెక్కలో సన్నటి పగులు కూడా కనిపిస్తోంది. అత్తగారి తలరుమాలు మీది పూలు లెక్కపెట్టొచ్చు. అందరి చేతుల్లో కొవ్వొత్తులు, ఒక్కో మంట ఒక్కో బాదం గింజలా.

గవ్రిల్ చేతిలోది తప్ప.

అతను తండ్రి తల దగ్గర నిలబడ్డాడు. మొహం కుదురుగా ఉంది. భుజాలు కుదురుగా ఉన్నాయి. కొవ్వొత్తి పట్టుకున్న ఎడమ చెయ్యి మాత్రం పొగలా ఉంది. మంట బాదం గింజలా లేదు, గాలికి చెదిరిన ఊలుదారంలా ఉంది.

మొదట తన తప్పే అనుకుంది. ఫోటోను పెద్దది చేసి చూసింది. ఆ చేతికి జానెడు దూరంలో శవపేటిక మేకు ఉంది. మేకు తల మీద గీత కూడా కనిపించింది. రెండో ఫోటో చూసింది. మూడోది చూసింది. గోడ కదల్లేదు. మేకు కదల్లేదు. ఏడింట్లోనూ ఆ ఒక్క చెయ్యే.

తీసేవాళ్ళ చెయ్యి వణికితే లెన్సు దాన్ని మింగేస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి చెయ్యి వణికితే దాన్నేమీ చెయ్యలేదు. తన వణుకంతా అది తీసేసింది కాబట్టే, మిగిలిన వణుకు ఎవరిదో ఇంత తేటతెల్లంగా కనిపించింది.

సిల్వెస్త్రుకి కూడా చేతి వేళ్ళతోనే మొదలైంది. చెంచా తొణికేది. తర్వాత నడక తూలింది. ఊళ్ళో వాళ్ళు తాగుడనుకున్నారు. సారా ముట్టని మనిషిని తాగుబోతన్నారు. పట్నం డాక్టరు చెప్పాకగానీ తెలియలేదు, అది రక్తంలో వచ్చే జబ్బని, పిల్లల్లో ప్రతి ఒక్కరికీ వస్తే రావచ్చు, రాకపోతే లేదు, సగానికి సగమని. పరీక్ష చేయించుకుంటే ముందే తెలుస్తుందని కూడా చెప్పాడు. గవ్రిల్ చేయించుకోలేదు.

పెళ్ళికి వారం ముందు ఇలింకని వాగు దగ్గరికి తీసుకెళ్ళి చెప్పాడు.

"పిల్లలు వద్దు. దీన్ని ఇంకొకరికి అంటించి పోలేను. ఇంకోటి. నాలో ఎప్పుడైనా మొదలైతే, నాకంటే ముందు నీకే తెలుస్తుంది. పక్కనే ఉంటావు కదా. నాకు మాత్రం చెప్పకు. ఎవరికీ చెప్పకు. తెలియకుండా ఎన్నాళ్ళు బతికితే అన్నాళ్ళూ నావే. మాటిస్తావా?"

మాటిచ్చింది.

ఆ ఫోటోలోంచి గవ్రిల్‌ని కత్తిరించేయొచ్చు. ఒక్క నిమిషం పని. కానీ శవపేటిక ఫోటోలోంచి ఎవరినైనా కత్తిరిస్తే, తర్వాత పోయేది ఆ మనిషేనని అత్తగారి నమ్మకం. చనిపోయిన మనిషిని ఒంటరిగా చూపించకూడదని కూడా ఆమె అంటుంది. ఇలింకకి అలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా కత్తిరించబోతే చెయ్యి రాలేదు.

అందుకే బొమ్మంతా ఒక పక్కకి ఈడ్చినట్టు కంప్యూటర్లో అలికేసింది. గోడ, మేకు, దేవదూత, మామగారి మొహం, అన్నిటినీ గవ్రిల్ చెయ్యంత మసక చేసింది. ఇప్పుడా చెయ్యి వేరుగా కనిపించదు. కంప్యూటర్లో ఉన్న అసలువి తీసేసింది. కార్డులోవి మాత్రం తీయలేకపోయింది. ఔరీకా చూడని ఆ మొహం ఇక వాటిలోనే ఉంది.

*

తలుపు మెల్లిగా తెరుచుకుంది. ఔరీకా. చేతిలో రెండు కాఫీ కప్పులు. ఒకటి ఇలింక ముందు పెట్టింది.

"ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది.

"పోన్లే."

"పోన్లే అనకు వదినా. తిట్టు. నువ్వు తిట్టకపోతే నాకింకా రోతగా ఉంటుంది."

"మినీబస్సు దిగి ఇంకా సరిగ్గా నిద్ర కూడా పోలేదు నువ్వు. ఏం తిట్టను?"

ఔరీకా ముక్కాలిపీట మీద కూలబడింది. రెండు చేతులతో కప్పు పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చుంది.

"నీకో సంగతి చెప్పనా? అక్కడ పొద్దున్నే లేవగానే నేను మొదట చేసే పని ఇదే. కాఫీ కప్పు నిండా పోసుకుని ఇలా పట్టుకుని చూస్తాను. అందులో అలలొస్తున్నాయేమోనని. ఆ ముసలావిడ నవ్వుతుంది, కాఫీలో జాతకం చూసుకుంటున్నావా అని. అవునమ్మా, జాతకమే అంటాను."

ఇలింక తన కప్పును కాస్త అవతలికి జరిపింది.

"నాన్నని ఎప్పుడు తలచుకున్నా ఎగిరే చేతులే కళ్ళముందుకొస్తాయి. ఒక్కసారైనా కుదురుగా ఉన్న నాన్నని చూడాలనుకున్నాను. చనిపోయాకైనా కుదురుగా ఉంటాడు కదా, ఆ మొహం ఫోటోలో చూసుకుందామనుకున్నాను. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకున్నప్పటి మొహం లాంటిది. అంతే వదినా, నాకింకేమీ వద్దు."

"ఉంది" అనబోయింది ఇలింక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అరలో, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది మీ నాన్న కుదురైన మొహం. దాని పక్కనే మీ అన్న చెయ్యి ఉంది.

"నిజంగా తుడిచేశావా?" అని అడిగింది ఔరీకా, పసిపిల్ల అడిగినట్టు.

ఇలింక కప్పు వంకే చూస్తూ ఉండిపోయింది. అవునని మళ్ళీ చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు.

"తుడిచేసి ఉంటే కార్డు ఖాళీగా ఉంటుంది."

గవ్రిల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలియదు.

"ఇందులో కొట్లాట దేనికి? చూస్తే పోతుంది" అంటూ రెండడుగులు వేసి అరలోని కెమెరా అందుకున్నాడు.

"అక్కడ పెట్టు గవ్రిల్!"

ఇలింక అంత గట్టిగా అరుస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమే అనుకోలేదు. గవ్రిల్ కెమెరా పట్టుకుని అలాగే ఆగిపోయాడు. కోపంగా లేడు. వింతగా చూస్తున్నాడు.

"నీ వస్తువు నేను ముట్టుకోకూడదా?"

"పాడైపోతుందని…"

"పదేళ్ళుగా పెళ్ళిళ్ళకి దీన్ని వీపున మోసింది ఎవరు? అప్పుడు పాడవలేదా?"

వేలు బటన్ మీదకి వెళ్ళింది. ఇలింక లేచింది, ఆమె కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఇటివ్వు."

సావెత. అక్రోటు తొక్కలకి నల్లబడ్డ చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ వచ్చి, కొడుకు ముందు చెయ్యి చాపింది.

"అమ్మా, నీకెందుకు…"

"నా మొగుడి ఫోటోలు. ముందు నేను చూడాలి. ఇటివ్వు."

గవ్రిల్ ఇచ్చేశాడు. నలభై రోజుల తర్వాత ఆమె ఇంట్లో గొంతెత్తి మాట్లాడటం ఇదే మొదటిసారి.

సావెత కెమెరాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. దూడ పుట్టినప్పుడు, మంచు ఎక్కువ పడినప్పుడు ఇలింక ఆమెకి కెమెరాలోనే ఫోటోలు చూపించేది. ఏ బటన్ నొక్కాలో తెలుసు. చిన్న తెర వెలిగింది. ఆ వెలుగు ఆమె గడ్డం మీద పడింది.

బటన్ చప్పుడు ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి.

ఇలింక లెక్కపెట్టింది. ఏడు.

పన్నెండేళ్ళు మొగుడి చేతుల్ని తన రెండు చేతుల మధ్య పట్టుకుని పడుకున్న మనిషి ఆమె. చెంచా జారిపోకుండా వేళ్ళకి గుడ్డ చుట్టి కట్టిన మనిషి. ఆ పొగలాంటి చెయ్యి ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సావెత తల ఎత్తలేదు. తెర వెలుగు దానంతటదే ఆరిపోయింది. ఆ తర్వాత కూడా కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.

"ఏముందమ్మా?" అని అడిగింది ఔరీకా.

"ఏముంటుంది?" అంది సావెత. "తుడవగా కొన్ని మిగిలాయి. అన్నీ అలికేసినట్టున్నాయి. మీ వదిన చెప్పింది నిజమే. దాని చెయ్యే కదిలింది."

గోటితో కెమెరా అడుగున చిన్న మూత తీసింది. కార్డు పైకి లాగింది. కెమెరాను ఇలింక చేతిలో పెట్టింది. అప్పుడొక్కసారి కోడలి కళ్ళలోకి చూసింది. అంతే. వంటగదిలోకి నడిచింది. ఆమె ఏం చేయబోతోందో ఎవరికీ తట్టలేదు. ఇనపకొక్కెంతో పొయ్యి మీది రేకు పక్కకి లాగి, కార్డుని నిప్పుల్లో పడేసింది.

"అమ్మా!"

ఔరీకా పరిగెత్తుకొచ్చింది. పొయ్యిలో చెయ్యి పెట్టబోతే సావెత ఆమె మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ప్లాస్టిక్ కాలిన వాసన వంటగదంతా నిండింది.

"అవి నాన్నవి! ఎలా ఉన్నా నాన్నవే! నీకేం పట్టింది అమ్మా?"

"నాన్న కొండమీద సమాధిలో ఉన్నాడు. రేపు వెళ్ళి చూడు." సావెత రేకు మూసింది. "ఫోటోలు పంచొద్దు. రొట్టె, కొవ్వొత్తి చాలు. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను."

"ఊరికే వదిలిపెడతారా నిన్ను?"

"వదలకపోతే తిట్టుకోనీ."

ఔరీకా బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ బల్ల మీద వేసి ఏడ్చింది. సావెత తిరిగి కిటికీ దగ్గరికి పోయి సుత్తి అందుకుంది. కాయ మీద దెబ్బ పడలేదు. సుత్తి ఒళ్ళోనే ఉండిపోయింది. ఇలింక గుమ్మంలో కెమెరా పట్టుకుని నిలబడింది. ఇప్పుడందులో ఏమీ లేదు. అయినా రెండు చేతులతో పట్టుకుంది. అత్తగారి దగ్గరికి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోవాలని ఉంది.

గవ్రిల్ పొయ్యి దగ్గరికి వచ్చి, మూసిన రేకు వంక చూశాడు.

"పాడైపోయిన ఫోటోల్ని ఏడుసార్లు చూస్తారా అమ్మా?" అన్నాడు.

సావెత ఒళ్ళోని సుత్తి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"నేనూ లెక్కపెట్టాను. ఏడు. పాడైపోతే ఒకటి చూసి పక్కన పెడతారు. నిప్పుల్లో పడెయ్యరు."

"కోపమొచ్చింది, పడేశాను" అంది సావెత.

"నీకు కోపమొస్తే మాట్లాడవు. పడెయ్యవు." అతని గొంతులో ఇందాకటి అరుపు లేదు. "ఆ రోజు కొవ్వొత్తి మైనమంతా నా చొక్కా మణికట్టు మీద పడింది. ఇంటికొచ్చాక గీరి తీశాను. చర్చి తలుపులు మూసి ఉన్నాయి. గాలి లేదు. ఇంకెవరి చొక్కా మీదా పడలేదు."

"గవ్రిల్…" అంది ఇలింక.

"నువ్వేం చెప్పకు." భార్య వైపు తిరిగాడు. ఆ చూపులో చలికాలం మొదలైనప్పటి నుంచీ లేని మెత్తదనం ఉంది. "నిన్ను నేను అడగను. ఇందాక నలుగురిలో అన్ని మాటలన్నాను, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు నువ్వు. స్విచ్చు మర్చిపోయానన్నావు. నువ్వు స్విచ్చు మర్చిపోతావా? మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు. అక్కడితో నీ బాకీ తీరిపోయింది."

కుర్చీ లాక్కుని తల్లికి ఎదురుగా, బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మ నాకు మాటివ్వలేదు కదా."

చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. రెండు చేతులూ బల్ల మీద, పరిచి ఉన్న పిండిలో, అరచేతులు కిందికి పెట్టి ఆనించాడు. వేళ్ళు విడదీశాడు. అలా ఉంచాడు.

"నీ అంత బాగా ఎవరికీ తెలియదు అమ్మా. డాక్టరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. నాన్నవి మొదట ఎలా ఉండేవో అలా ఉన్నాయా, లేవా? చూసి చెప్పు."

సావెత కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇలింక కెమెరా వంక చూస్తోంది. కుండ పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఎవరూ లేవలేదు.

ఔరీకా ఒక్కతే కన్నీళ్ళ మధ్య నుంచి తల ఎత్తి, పిండిలో ఉన్న అన్న వేళ్ళ వంక చూసింది. కాసేపు అలాగే చూసింది. తర్వాత తన రెండు చేతుల్నీ బల్ల మీంచి తీసి ఒళ్ళోకి లాక్కుంది.